అడిగింది వేల కోట్లు, వచ్చింది వందల కోట్లు: కేంద్ర విపత్తు సాయం లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను, చుట్టుపక్కల కాలనీలను ముంచేసింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కొన్ని వీధుల్లో వారం గడిచినా నీళ్లు తీయలేదు. ప్రాథమిక నష్టం రూ.6,880 కోట్లని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లెక్క వేసి కేంద్రానికి పంపింది. ఖమ్మం, మహబూబాబాద్ మునిగిన తెలంగాణ తన వంతుగా మొదట రూ.5,438 కోట్లు అంది.

అక్టోబర్ 1న కేంద్రం 14 రాష్ట్రాలకు కలిపి రూ.5,858.60 కోట్లు విడుదల చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,036 కోట్లు, తెలంగాణకు రూ.416.80 కోట్లు. ఆ తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. 2025 ఫిబ్రవరి 19న ఇంకో విడత మంజూరైంది: ఆంధ్రప్రదేశ్‌కు రూ.608.08 కోట్లు, తెలంగాణకు రూ.231.75 కోట్లు. రెండు విడతలూ కలిపి చూసినా ఆంధ్రప్రదేశ్ చెప్పిన నష్టంలో నాలుగో వంతు లేదు.

ఇక టీవీ చర్చల్లో ఒకరు "మోసం చేశారు" అంటారు, ఇంకొకరు "ఇవ్వాల్సిందంతా ఇచ్చాం" అంటారు. ఇంట్లో బురద కడుక్కుంటున్న మనిషికి ఎవరి మాట నమ్మాలో తెలియదు. నిజానికి ఇద్దరి చేతుల్లో ఉన్న అంకెలూ సరైనవే కావచ్చు. కాకపోతే ఒకరు కొలిచేది నష్టం, ఇంకొకరు కొలిచేది సాయం. మన చట్టంలో, నిబంధనల్లో ఈ రెండూ ఒకటి కావు. కేంద్రం విపత్తు నిధి నుంచి ఇచ్చేది నష్టపరిహారం కాదు, తక్షణ ఊరట మాత్రమే. ఈ ఒక్క తేడా తెలిస్తే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

రెండు డబ్బాలు

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ఎన్డీఆర్ఎఫ్ అనగానే మనకు నారింజ రంగు దుస్తుల్లో రబ్బరు పడవలు నడిపే జవాన్లు గుర్తొస్తారు. అది జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం. అవే ఇంగ్లీషు అక్షరాలతో జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధి కూడా ఉంది. ఎస్డీఆర్ఎఫ్ పరిస్థితీ అంతే, దళమూ ఉంది, నిధీ ఉంది. వార్తల్లో "ఎన్డీఆర్ఎఫ్ నుంచి రూ.600 కోట్లు" అంటే నిధి, "ఎన్డీఆర్ఎఫ్ బృందాలు చేరుకున్నాయి" అంటే దళం. ఇక్కడ మాట్లాడుకునేదంతా నిధి గురించే.

మొదటి డబ్బా రాష్ట్ర నిధి, ఎస్డీఆర్ఎఫ్. ఏ విపత్తూ రాకపోయినా ప్రతి ఏటా ఇందులో డబ్బు పడుతుంది. మామూలు రాష్ట్రాల్లో రూపాయికి 75 పైసలు కేంద్రం, 25 పైసలు రాష్ట్రం వేస్తాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే కేంద్రం వాటా 90 పైసలు. ఏ రాష్ట్రానికి ఎంత అనేది ఢిల్లీలో ఒక మంత్రి ఇష్టాన్ని బట్టి తేలేది కాదు, కేంద్ర, రాష్ట్రాల మధ్య డబ్బు పంపకాన్ని సిఫారసు చేసే ఆర్థిక సంఘం తేలుస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులన్నిటికీ కలిపి రూ.1,60,153 కోట్లు లెక్కగట్టింది. అందులో కేంద్రం వాటా రూ.1,22,601 కోట్లు. రాష్ట్రం గతంలో ఎంత ఖర్చు పెట్టింది, విస్తీర్ణం ఎంత, జనాభా ఎంత, ప్రమాదాల ముప్పు ఎంత అన్నవి చూసి పంచింది.

అందుకే అక్టోబర్ 1 నాటి రూ.1,036 కోట్ల ప్రకటనను జాగ్రత్తగా చదవాలి. ఎస్డీఆర్ఎఫ్‌లో కేంద్రం వాటా, ఎన్డీఆర్ఎఫ్ నుంచి అడ్వాన్సు అని ఆ ప్రకటనే చెప్పింది. ఎస్డీఆర్ఎఫ్ వాటా అంటే వరద వచ్చినా రాకపోయినా ఆ ఏడాది రాష్ట్రానికి రావాల్సిన డబ్బు. ఏటా రెండు విడతల్లో వేసేదాన్ని, అవసరం చూసి ముందుగా ఇస్తారు. చేతిలో డబ్బు లేని సమయంలో ముందు రావడం కూడా మేలే, కాదనను. కానీ దాన్ని ఈ వరద కోసం ప్రత్యేకంగా ఇచ్చిన సాయంగా లెక్క వేస్తే తప్పు లెక్క అవుతుంది. ఏ పార్టీ ఢిల్లీలో ఉన్నా ఈ తప్పు లెక్కే ప్రచారంలోకి వస్తుంది.

రాష్ట్రాలు కూడా ఈ డబ్బాను శుభ్రంగా చూసుకోవడం లేదు. కరోనా కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్డీఆర్ఎఫ్ నుంచి రూ.1,100 కోట్లను వ్యవసాయ శాఖ పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాకు మళ్లించింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 జులైలో ఆ డబ్బును రెండు వారాల్లో తిరిగి జమ చేయమని కోర్టు ఆదేశించింది. వరద బాధితుడి పేరు మీద దాచిన సొమ్ము అది.

రెండో డబ్బా కేంద్ర నిధి, ఎన్డీఆర్ఎఫ్. రాష్ట్రం డబ్బా చాలనప్పుడు, అదీ తీవ్రమైన విపత్తు అయినప్పుడు, దీన్నుంచి ఇస్తారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 46వ సెక్షన్ కింద ఇది ఏర్పడింది. పొగాకు ఉత్పత్తుల లాంటి వాటి మీద వేసే జాతీయ విపత్తు సుంకం దీనికి ఆధారం. 2001లో గుజరాత్ భూకంపం వచ్చిన ఏడాదే ఆ సుంకం మొదలైంది.

ఈ రెండు డబ్బాలూ తెరవాలంటే విపత్తు జాబితాలో ఉండాలి. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, హిమపాతం, కుంభవృష్టి, చీడపీడలు, శీతల గాలులు, మొత్తం 12. వడదెబ్బ, పిడుగుపాటు ఇందులో లేవు. అలాంటి వాటిని రాష్ట్రం తన స్థాయిలో విపత్తుగా ప్రకటించుకుని ఎస్డీఆర్ఎఫ్‌లో 10 శాతం దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. ఏటా ఎండలకు ఇంతమంది రాలిపోయే చోట వడగాడ్పు ఆ 12లో లేకపోవడం నాకు మింగుడుపడదు.

నీళ్లు తీశాక వచ్చే బృందం

రెండో డబ్బా తెరిపించే దారి పొడవైనది. రాష్ట్రం నష్టం వివరాలతో మెమొరాండం ఇవ్వాలి. కేంద్రం వేర్వేరు శాఖల అధికారులతో ఒక బృందాన్ని పంపుతుంది. ఆ బృందం నివేదిక ఒక ఉపసంఘానికి, అక్కడి నుంచి ఉన్నత స్థాయి కమిటీకి వెళ్తుంది. ఆ కమిటీకి కేంద్ర హోంమంత్రి అధ్యక్షుడు, ఆర్థిక మంత్రి, వ్యవసాయ మంత్రి, నీతి ఆయోగ్ ఉపాధ్యక్షుడు సభ్యులు. ఆఖరి అంకె అక్కడ తేలుతుంది.

కేంద్ర బృందం పర్యటన చూసినవాళ్లకు ఆ దృశ్యం తెలుసు. కార్ల వరుస వచ్చి ఆగుతుంది. రోడ్డు పక్కన టెంట్ వేసి, మునిగిన పొలాల ఫోటోలు అట్టల మీద అంటించి పెడతారు. రైతులు నీళ్లలో నాని మొలకెత్తిన వరి కంకుల్ని గుప్పిట పట్టుకుని నిలబడతారు. అధికారులు ఒక్కొక్కరితో రెండు మాటలు మాట్లాడి, కంకులు చేతిలోకి తీసుకుని చూసి, నోట్సు రాసుకుని ఇంకో ఊరికి వెళ్తారు. ఒకప్పుడు మెమొరాండం అందాకే బృందం బయల్దేరేది. అప్పటికి నీళ్లు పోయి నేల ఆరిపోయేది. 2019 నుంచి పెద్ద విపత్తులకు మెమొరాండం కోసం చూడకుండా ముందే పంపాలని నిర్ణయించారు. అది మంచి మార్పు. ఆ తర్వాతి దశల్లో మాత్రం ఆ వేగం కనబడదు. సెప్టెంబర్ మొదట్లో వచ్చిన వరదకు ఫిబ్రవరి మూడో వారంలో కమిటీ ఆమోదం దొరికిందంటే అయిదున్నర నెలలు. ఖరీఫ్ పోయి రబీ కూడా సగం దాటింది.

2023 కరువుకు కర్ణాటక ఎదురుచూసి ఎదురుచూసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అడిగింది రూ.18,171 కోట్లు. కేసు నడుస్తుండగా 2024 ఏప్రిల్‌లో రూ.3,454 కోట్లు విడుదలయ్యాయి. ఒక రాష్ట్రం కరువు సాయం కోసం కోర్టు మెట్లెక్కడం చూస్తే, ఎన్ని రోజుల్లో తేల్చాలో అన్న గడువు నిబంధనల్లో గట్టిగా రాసి ఉండాలనిపిస్తుంది.

ఎకరాకు ఎంత?

అంకెలు ఎందుకు కుంచించుకుపోతాయో తెలియాలంటే కేంద్రం నిర్ణయించిన సాయం రేట్లు చూడాలి. 2022-26 కాలానికి ఇచ్చిన నిబంధనల ప్రకారం విపత్తులో మనిషి చనిపోతే కుటుంబానికి రూ.4 లక్షలు. పాడి గేదె, ఆవు పోతే రూ.37,500. మేక, గొర్రె అయితే రూ.4,000. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే రూ.1.20 లక్షలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే రూ.6,500. గుడిసె పోతే రూ.8,000. పూర్తిగా దెబ్బతిన్న పడవకు రూ.15,000.

సింగ్‌నగర్‌లో గోడలు నిలబడే ఉన్న ఇంటి సంగతి చూద్దాం. నీళ్లు రొమ్ములెత్తున నిలిచాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు, బయట పెట్టిన బండి అన్నీ పోయాయి. గోడ మీద బురద గీత మిగిలింది. కేంద్ర నిబంధనల ప్రకారం రెండు రోజులకు పైగా మునిగిన ఆ కుటుంబానికి బట్టలకు రూ.2,500, వంట సామాన్లకు రూ.2,500. మొత్తం రూ.5,000. ఫ్రిజ్ అన్న మాటే ఆ జాబితాలో లేదు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు రూ.25,000, పై అంతస్తుల వాళ్లకు రూ.10,000 ఇచ్చింది. నిబంధనకు మించి ఇచ్చిన ప్రతి రూపాయీ రాష్ట్రం తన ఖజానా నుంచి, విరాళాల నుంచి పెట్టుకోవాల్సిందే. కేంద్రం దాన్ని లెక్కలోకి తీసుకోదు.

పంటకు ఇచ్చేదాన్ని ఇన్‌పుట్ సబ్సిడీ అంటారు. పేరులోనే విషయం ఉంది: పోయిన పంటకు ధర కట్టరు, మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి కాస్త చేయూత ఇస్తారు. నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు రూ.17,000, వర్షాధారానికి రూ.8,500, తోటలకు రూ.22,500. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే మాగాణి వరికి ఎకరాకు ఏడు వేలు కూడా పడదు, మెట్టకు అందులో సగం. నాట్లు, ఎరువులు, మందులు, కోత కూలి కలిపి ఎకరా మీద రైతు పెట్టేది దీనికి ఎన్ని రెట్లో డెల్టాలో ఎవర్ని అడిగినా చెబుతారు. పైగా రెండు హెక్టార్ల దాకానే, అదీ పంట 33 శాతం పైగా పోయి ఉంటేనే. 2015కు ముందు ఈ హద్దు 50 శాతం. సగం కంటే ఎక్కువ పంట మిగిలిన రైతుకు అప్పట్లో పైసా వచ్చేది కాదు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి రూ.6,880 కోట్లను చూడండి. ఆ అంకెలో తెగిన కాలువ గట్లను పటిష్ఠంగా మళ్లీ కట్టడానికి, రోడ్లను పూర్తిగా వేయడానికి, కరెంటు లైన్లు, తాగునీటి పథకాలు మార్చడానికి అయ్యే ఖర్చంతా ఉంటుంది. కేంద్ర నిబంధనలు మాత్రం ప్రభుత్వ ఆస్తులకు తక్షణ, తాత్కాలిక మరమ్మతుల వరకే ఒప్పుకుంటాయి. రోడ్డు మీద గుంత పూడ్చి బండ్లు నడిచేలా చేస్తే చాలు. అందుకే రాష్ట్రం చెప్పిన అంకెను ఈ రేట్ల జల్లెడలో పోస్తే కింద మిగిలేది కొంచెమే. రాష్ట్రాలు అంచనాలు కాస్త పెంచి పంపుతాయన్న అనుమానం ఢిల్లీలో ఎప్పటి నుంచో ఉంది, అది పూర్తిగా నిరాధారం కూడా కాదు. అయినా అసలు తేడా అతిశయోక్తి వల్ల కాదు, ఈ రేట్ల వల్ల వస్తుంది. అయిదేళ్లకోసారి సవరించే బదులు ధరల సూచీకి ముడిపెడితే బాధితుడికి కనీసం విలువ కరిగిపోకుండా ఉంటుంది. పెన్షన్‌దారులకు కరువు భత్యం అలాగే లెక్క కడుతున్నాం కదా.

ఇంకో కోత కూడా ఉంది, దీని గురించి ఎక్కడా మాట్లాడుకోరు. ఎన్డీఆర్ఎఫ్ నుంచి మంజూరయ్యే మొత్తంలోంచి, రాష్ట్ర ఎస్డీఆర్ఎఫ్‌లో ఆ ఏడాది మొదట్లో ఉన్న నిల్వలో సగాన్ని మినహాయిస్తారు. ఉదాహరణకు కమిటీ రూ.600 కోట్లకు ఒప్పుకుంది, ఏప్రిల్ 1న రాష్ట్రం దగ్గర రూ.400 కోట్ల నిల్వ ఉంది అనుకుంటే, చేతికొచ్చేది రూ.400 కోట్లే. ముందు మీ దగ్గరున్నది వాడండి అన్నది ఇందులో వాదన. అది సబబే కావచ్చు. కానీ "రూ.600 కోట్లు మంజూరు" అన్న హెడ్డింగ్ చదివినవాళ్లకు ఈ మినహాయింపు తెలియదు.

"జాతీయ విపత్తు" అంటే ఏమొస్తుంది?

ప్రతి పెద్ద తుపాను తర్వాతా "జాతీయ విపత్తుగా ప్రకటించాలి" అన్న డిమాండ్ వినిపిస్తుంది. హుద్‌హుద్ అప్పుడు విన్నాం, కేరళ వరదలప్పుడు విన్నాం. దీని గురించి ఉన్నమాట చెప్పాలి: అలా ప్రకటించే ఏర్పాటు చట్టంలో గానీ నిబంధనల్లో గానీ లేదు. పార్లమెంటులో కేంద్రం పదేపదే ఈ జవాబే ఇచ్చింది. ఉన్నది "తీవ్ర స్వభావం గల విపత్తు" అన్న గుర్తింపు మాత్రమే.

2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు ఊళ్లను తుడిచిపెట్టేశాయి. ఆ గుర్తింపు రావడానికే డిసెంబర్ దాకా పట్టింది. పునర్నిర్మాణానికి రూ.2,219 కోట్లు కావాలని కేరళ అడిగింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం రూ.529.50 కోట్లను వడ్డీ లేని మూలధన రుణంగా ఇచ్చింది, అదీ మార్చి 31లోగా ఖర్చు పెట్టాలన్న షరతుతో. ఊరే లేని చోట కొత్త ఊరు కట్టే పనికి ఆరు వారాల గడువు!

అక్కడి వాళ్లకు ఇంకో దెబ్బ తగిలింది. ఇల్లు, పొలం, తోట మట్టిలో కలిసిపోయినా బ్యాంకు అప్పు అలాగే ఉంది. 2005 చట్టంలో 13వ సెక్షన్ ఉండేది: తీవ్ర విపత్తుల్లో బాధితుల రుణాల చెల్లింపులో ఊరట ఇవ్వాలని, లేదా మెత్తటి షరతులతో కొత్త రుణాలు ఇవ్వాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సిఫారసు చేయొచ్చు. రుణమాఫీ విషయం కేరళ హైకోర్టులో నడుస్తుండగానే, 2025 సవరణ చట్టంతో ఆ సెక్షన్ తొలగిపోయిందని కేంద్రం కోర్టుకు తెలిపింది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. రేట్లు తక్కువైతే రేపు పెంచుకోవచ్చు. చట్టంలో బాధితుడు వేలు పెట్టి చూపించగల ఒక్క వాక్యాన్ని తీసేస్తే, అడగడానికి ఆధారమే పోతుంది.

ఊరట తర్వాతి సంగతి

చాలాకాలం మన విధానంలో ఊరట తర్వాత ఏం చేయాలన్న గది ఖాళీగానే ఉంది. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు వేలమంది పోయారు. ఆ తర్వాత లేచిన ఇళ్లు, తుపాను షెల్టర్లలో స్వచ్ఛంద సంస్థల చేయి చాలా ఉంది. 1990లో 9వ ఆర్థిక సంఘం సిఫారసుతో విపత్తు సహాయ నిధి వచ్చింది, 2010లో అది ఎస్డీఆర్ఎఫ్‌గా మారింది. ఇన్నేళ్లలోనూ అది ఊరటకే పరిమితం.

15వ ఆర్థిక సంఘం మొదటిసారి ఈ గదిని నింపే ప్రయత్నం చేసింది. నిధిలో 20 శాతం ముప్పు తగ్గించే పనులకు, మిగిలిన 80 శాతంలో 40 సహాయానికి, 30 కోలుకోవడానికీ పునర్నిర్మాణానికీ, 10 సన్నద్ధతకు అని విడగొట్టింది. అంటే గట్టు మళ్లీ కట్టడానికి, ఇళ్లు లేపడానికి ఒక తలుపు తెరిచినట్టే. ఆ తలుపు గుండా, నేల కుంగిన ఉత్తరాఖండ్ పట్టణం జోషీమఠ్‌కు రూ.1,658.17 కోట్ల ప్రణాళిక 2023లో ఆమోదం పొందింది. 2023 వర్షాకాలంలో ఛిద్రమైన హిమాచల్ ప్రదేశ్‌కు రూ.2,006.40 కోట్ల ప్రణాళికను 2025 జూన్‌లో ఆమోదించారు. తలుపు తెరుచుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఇల్లు పోయినవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు, అద్దె కట్టే ఉంటారు.

ఈ డబ్బు కావాలంటే రాష్ట్రం విపత్తు తర్వాత అవసరాల అంచనాను శాస్త్రీయంగా తయారు చేసి ఇవ్వాలి. ఏ రంగంలో ఎంత పోయింది, మళ్లీ కట్టడానికి ఎంత అవుతుంది, రెండూ విడివిడిగా. హడావుడిలో రాసిన మెమొరాండం ఇక్కడ పనికిరాదు. మన రాష్ట్రాలు ఈ పని కోసం నిపుణుల బృందాన్ని ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచుకుంటే ఢిల్లీలో వాదించే బలం వేరుగా ఉంటుంది. ముప్పు తగ్గించే 20 శాతం గురించి కూడా ఇలాగే అడగాలి. బుడమేరు గండ్లు పూడ్చిన ఖర్చు, ముందే గట్లు బలపరిస్తే అయ్యే ఖర్చు పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఆ నిధి దగ్గరే.

ఇదంతా పైన జరిగే లెక్క. కింద, ఊళ్లో, లెక్క ఒక పేరుతో మొదలవుతుంది. వరద తగ్గాక వ్యవసాయ సహాయకుడు, రెవెన్యూ సిబ్బంది పొలాలకు వచ్చి ఎన్యూమరేషన్ చేస్తారు. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఎవరి పేరుంటే వాళ్ల పేరే జాబితాకు ఎక్కుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు సాగు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. రేపు హక్కు అడుగుతాడేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. పెట్టుబడి పెట్టింది కౌలుదారు, అప్పు తెచ్చింది కౌలుదారు, నడుం లోతు నీళ్లలో దిగి పనలు ఏరింది కౌలుదారు. అయిదు నెలల తర్వాత ఢిల్లీలో కోత కోసి, రాష్ట్రంలో ఇంకాస్త కలిపి వచ్చిన సొమ్ము మాత్రం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న యజమాని ఖాతాలో పడుతుంది.

జాబితాను గ్రామ సచివాలయం గోడకు అంటించి అభ్యంతరాలు చెప్పమంటారు. ఆ కాగితం ముందు నిలబడి, తన సర్వే నంబర్ ఎదురుగా వేరే పేరు చూసుకున్న మనిషికి అభ్యంతరం ఉంది. దాన్ని రుజువు చేసే కాగితమే లేదు.